కుడిచేతి పరుగు

పదకొండో భాగం

ముందుగా క్షమాపణ. నాకు ఒత్తులు ఇంకా సరిగ్గా పడవు. ఒక పేజీ నింపడానికి ఒక పూట పడుతుంది. పోయినవారం భాగం అంత చిన్నదైపోయిందని కొందరు పాఠకులు కోప్పడుతూ రాశారు, వాళ్ల కోపం న్యాయమే. తప్పుల్ని పత్రికవాళ్లు దిద్దుతున్నారు. దిద్దగా మిగిలినవి నావే, మన్నించండి.

ఎక్కడ ఆగామో చెబుతాను. నిరుడు, సముద్రపొడ్డున ఉన్న మా పేట ఆడపిల్లల బేస్‌బాల్ జట్టు జిల్లా పోటీల్లోకి దిగింది. మొదటి రెండు ఆటలు దూరపు ఊళ్లలో జరిగాయి, మా పేట ఆడవాళ్లం వెళ్లలేకపోయాం, పిల్లలు గెలిచారు. మూడో ఆట ఉక్కునగరం మైదానంలో. నలభైమందిమి బస్సు మాట్లాడుకుని వెళ్లాం. మా ధనశ్రీ బంతిని మైదానం చివరి దాకా కొట్టింది. కొట్టి, కుడివైపు మూలకి పరిగెత్తాల్సింది ఎడమవైపు మూలకి పరిగెత్తింది. అంపైరు అవుటన్నాడు. అవతలి జట్టు పొట్ట పట్టుకుని నవ్వింది. మేం నలభైమందిమీ లేచి నిలబడి చప్పట్లు కొట్టాం. ఎందుకంటే మాకు తెలిసిన ఆటలో పిల్ల సరిగ్గానే పరిగెత్తింది.

ఆ ఆట ఓడినా, అంతకుముందు గెలిచిన రెండిటివల్ల మా జట్టు ఆఖరి ఆటకి చేరింది. అది ఆదివారం, అదే ఉక్కునగరం మైదానంలో. గెలిచినవాళ్లు రాష్ట్ర పోటీలకి వెళ్తారు. ఓడితే ధనశ్రీకి ఆట అక్కడితో సరి. దానికి ఇరవై నాలుగేళ్లు, గాజువాకలో మందుల షాపులో పనిచేస్తోంది, ఈ యేడాదే ఆఖరని వాళ్ల నాన్న నాగబాబు తేల్చి చెప్పేశాడు. నాగబాబు పుట్టి బుద్ధెరిగాక ఒక్క ఆట చూసినవాడు కాడు.

గురువారం సాయంత్రం నాలుగింటికి కోచ్ అనిరుధ్ బాబు వచ్చాడు. ఉక్కు కర్మాగారంలో పొద్దుటి షిఫ్టు దిగి, తిండి కూడా తినకుండా బండేసుకుని వచ్చేశాడు. వాళ్ల పెద్దలది గోదావరి జిల్లా, ఈ అబ్బాయి ఉక్కునగరంలోనే పుట్టి పెరిగాడు. కాలేజీలో ఆడిన ఆటని ఇంకా వదల్లేక మా పిల్లలకి ఊరికే నేర్పుతున్నాడు. ఒక చేతిలో సున్నం బస్తా, ఇంకో చేతిలో తాడు. ఎడమవైపు మూలకి పోయేది లేకుండా గీతలు గీసేస్తాను, పిల్లలు గీత మీదే పరిగెత్తాలి అని వచ్చాడు.

వచ్చేసరికి మా పేట మైదానం మధ్యలో, బంతి విసిరే మిట్ట మీద, మా వదిన పోతమ్మ బాసింపట్టు వేసుకుని కూర్చుని ఉంది.

పోతమ్మ నా భర్త తాతబాబుకి అక్క. నాకంటే రెండేళ్లు పెద్ద. ధనశ్రీకి నాన్నమ్మ. మా పేటలో ఆట చూసే ఆడవాళ్లందరికీ ఆమే పెద్ద.

"అమ్మా, కాస్త లేవండి. పిల్లలు ఆడుకోవాలండి," అన్నాడు అనిరుధ్.

"ఆడుకోమను. నాను కూకుంటే ఆటకేటి అడ్డం?"

"బంతి విసిరేది అక్కణ్ణుంచే కదండి."

"నా నెత్తి మీంచి ఇసరమను. నలబయ్యేళ్లు సేపల గంప మోసిన నెత్తి ఇది. తగిల్తే బంతికే దెబ్బ."

పిల్లలు నవ్వారు. అనిరుధ్ కూడా నవ్వబోయి ఆపుకున్నాడు. నాకు మాత్రం ఒళ్లు మండింది. మూడు రోజులే ఉన్నాయి. ఈ వయసులో ఈమెకి ఈ పంతం ఏమిటి, ఆ పిల్ల బతుకు ఈమెకి ఆటబొమ్మా అనుకున్నాను. పైకి మాత్రం అనలేదు. వదినకి ఎదురు చెప్పే అలవాటు నాకు లేదు. ఎందుకు లేదో ఈ భాగంలో చెబుతాను.

ఆట తెలియనివాళ్లకి ఒక్క మాట. కొట్టే చోటుని మేం గట్టు అంటాం. మిగతా మూడు మూలలు మూడు రేవులు. కొట్టినవాళ్లు గట్టు మీద నుంచి బయల్దేరి, మూడు రేవులూ తిరిగి, మళ్లీ గట్టుకి రావాలి. అంతే ఆట. లోకమంతా మొదట కుడివైపు రేవుకి పోయి, మిట్ట ఎడమచేతి వైపు ఉండేలా తిరుగుతారు. మేం మాత్రం మొదట ఎడమవైపు రేవుకి పోయి, అమ్మవారి చుట్టూ తిరిగినట్టు మిట్ట కుడిచేతి వైపు ఉండేలా తిరుగుతాం. ఆటకి ముందు మిట్టకి పసుపు రాసి బొట్టు పెడతాం. పిల్ల బంతి కొట్టగానే ఆడవాళ్లందరం ఒక్క గొంతుతో "కుడిసేతికి! కుడిసేతికి!" అని అరుస్తాం. గట్టు చేరితే "గట్టుకొచ్చీసింది!" అని చీర కొంగులు ఊపుతాం. ఎండల్లోనూ వానల్లోనూ నలభై ఎనిమిదేళ్లుగా ఇలాగే చూశాం. తుపానుకి పేటలో రేకులన్నీ ఎగిరిపోయిన వారం కూడా ఆట మానలేదు, మేం చూడడం మానలేదు.

అనిరుధ్ సున్నం బస్తా కింద పెట్టి, పోతమ్మ ఎదురుగా ఇసకలో కూర్చున్నాడు.

"ఒక మాట చెబుతాను, కోప్పడకండి. ఆదివారం మీరెవరూ రావద్దండి."

చుట్టూ ఉన్న ఆడవాళ్లు పనులొదిలి దగ్గరికి జరిగారు.

"ఏటన్నావ్?" అంది పోతమ్మ.

"మీరు లేని రెండాటల్లో ధనశ్రీకి ఒక్క తప్పు రాలేదండి. మీరొచ్చిన రోజు తప్పు తిరిగింది. మీ కేక వినపడగానే పిల్ల మర్చిపోతోంది."

"మాం రాకపోతే ఆటెవుడు సూత్తాడు? అంపైరా? ఆడికి జీతమిత్తన్నారు గాబట్టి సూత్తన్నాడు. రేపు జీతం మానీమను, ఆదివారం ఇంట్లో తొంగుంటాడు. మాకెవులిచ్చినారు జీతం?"

"అమ్మా, ఆట అంటే అందరికీ ఒకటే పద్ధతి ఉండాలండి."

"ఈ పద్ధతెవుడు పెట్టినాడు?"

అనిరుధ్‌కి ఆట కథ చెప్పడమంటే ఇష్టం. పాపం, అదే వాడి కొంప ముంచింది. "అమెరికాలో కూడా మొదట్లో ఇలా ఉండేది కాదండి," అని మొదలుపెట్టాడు. ఒకప్పుడు పరిగెత్తేవాణ్ణి బంతితో కొడితే అవుటట. కొట్టేవాడు పైకి వెయ్యి, కిందకి వెయ్యి అని అడిగితే విసిరేవాడు అలాగే వెయ్యాలట. తొమ్మిది చెడ్డ బంతులు పడితేగాని ఊరికే మొదటి మూలకి వెళ్లనిచ్చేవారు కాదట, అది తగ్గుతూ తగ్గుతూ నాలుగుకి వచ్చిందట. పద్ధతి మారినప్పుడల్లా చూసేవాళ్లు ఇక ఇది ఆటే కాదని తిట్టుకునేవారట. తిట్టుకుంటూనే మళ్లీ ఆదివారం పిల్లల్ని ఎత్తుకుని వచ్చేవారట. తాతలు చూసిన జట్టునే మనవలు కూడా చూసేవారట.

"రెండు వందల ఏళ్ల కిందట పిల్లల ఆటల గురించి అచ్చేసిన ఒక పుస్తకంలో అయితే," అన్నాడు ఉత్సాహంగా, "మీలాగే తిరగమని ఉందంటారండి. కుడిచేతికే."

అంతే, ఆడవాళ్లందరూ గొల్లున నవ్వారు.

"ఇన్నారా? మనదే అసలాట!" అంది పోతమ్మ తొడ చరిచి. "ఆ అంపైరుకి ఈ సంగతి సెప్పీ. ఆడే తప్పు తిరుగుతన్నాడని సెప్పీ."

"అయ్యో, అది ఎప్పటి మాటో అండి! ఆ తర్వాత వాళ్లే మార్చేసుకున్నారు. ఆదివారం ఎవరూ ఒప్పుకోరు." వాడి ముఖం చూస్తే జాలేసింది. పొద్దున్నుంచి తిండిలేని మనిషి, తను తవ్విన గోతిలో తనే పడ్డాడు.

అప్పటిదాకా మాట్లాడని ధనశ్రీ ముందుకొచ్చింది. బ్యాటు ఇసకలో గుచ్చి నిలబడింది.

"సార్, మీరన్నది నిజమే. రెండు నెల్లు గీత మీద పరిగెట్టినాను. నాకు తెలీక కాదు. కాని మామ్మ కేకేసినాక నా కాళ్లు నా మాటిన్లేదు."

"అదే కదా నేనూ చెబుతున్నది!"

"అయినా మామ్మోళ్లు రాకపోతే నాను ఆడను."

అనిరుధ్ రెండు చేతులూ తల మీద పెట్టుకున్నాడు. "ఇదెక్కడి గొడవమ్మా! వాళ్లొస్తే తప్పు తిరుగుతావు, రాకపోతే ఆడవు. మరి నేనేం చెయ్యను?"

"ఆ రెండాటలూ గెలిసినట్టే లేదు సార్. కొట్టినాను, తిరిగినాను, గట్టుకొచ్చినాను. గట్టుకొచ్చీసిందని ఒక్కలూ అన్నేదు. ఆస్పత్రిలో టోకెను పిలిసినట్టు మైకులో నా నంబరు సదివినారు. అంతే. ఇంటికెల్లిపోనాను." పోతమ్మ వైపు తిరిగింది. "మామ్మా, నువ్వు రా. వొచ్చి ఎడంసేతికని అరువు. ఒక్క రోజు. నాకోసం."

పోతమ్మ ముఖంలో నవ్వు పోయింది.

"ఆ మాట నా నోట రాదు."

"ఒక్క రోజే మామ్మా."

"మీ తాత తిరిగింది ఒక్క రోజే," అంది పోతమ్మ.

అనిరుధ్‌కి అర్థం కాలేదు. "అసలు మీకు ఇలా తిరగమని ఎవరు నేర్పారండి? జపాన్ వాళ్లయితే నేర్పి ఉండరు," అన్నాడు.

ఈ ఆట మా పేటకి జపాన్ ఓడల మీద వచ్చిందని రెండో భాగంలో రాశాను. పెద్ద ఓడలు ఆగే ఔటర్ హార్బర్ కొత్తగా తెరిచిన రోజులు. ఇనుపరాయి తీసుకెళ్లే ఓడలు రోజుల తరబడి కాచుకుని ఉండేవి. ఒక ఓడ వంటాయన తనవాళ్లతో మా ఒడ్డుకి వచ్చి ఆడేవాడు. మనుషులు చాలక మా మగవాళ్లని కలుపుకున్నాడు. వెళ్లేటప్పుడు బ్యాటు, మూడు తోలు చేతొడుగులు, పద్ధతులన్నీ రాసిన కాగితం ఇచ్చి వెళ్లాడు. ఆ కాగితం నా ట్రంకు పెట్టెలో దాచాను. అరవై దాటాక వయోజన బడికి వెళ్లి అక్షరాలు నేర్చుకున్నాను. అచ్చులు, హల్లులు, గుణింతాలు, అన్నీ వచ్చాయనుకున్నాక ఆ కాగితం విప్పాను. ఒక్క తెలుగు అక్షరం లేదు. సగం ఇంగ్లీషు, సగం వాళ్ల బొమ్మల రాత. ఆ రోజు నాకు వచ్చినంత కోపం నా జన్మలో రాలేదు.

"ఆళ్లు ఎడంసేతికే నేర్పినారు," అంది పోతమ్మ. "మొదటాటలో అందరికన్నా ముందు తిరిగినోడు మా ఆయన, వీరన్న. శవం సుట్టూ తిరిగినట్టు ఎడంసేతికి తిరిగినాడు. ఎనిమిదో రోజుకి సముద్రం పట్టీసింది. నాను పెద్దాసుపత్రిలో ఉన్నాను, నాగబాబు పుట్టి రెండ్రోజులు. మొగుడి మొకం కూడా నాకు సూపించ్నేదు."

"అది ఆటవల్ల అని ఎవరన్నారండి?" అనిరుధ్ మెల్లగా అడిగాడు.

"పేటంతా అంది."

పేటంతా అంటే ఎవరు? ఎవరో ఒకరు మొదట అనాలి కదా. పేట మొత్తానికీ ఒకే నోరు ఉండదు.

పాఠకులకి ఈ మాట చెప్పడానికి పది భాగాలు పట్టింది నాకు. ప్రతి వారం రాద్దామని కూర్చుని, వేరేదేదో రాసి పంపేశాను. ఆ మాట మొదట అన్నది నేను.

అప్పట్లో వీరన్నకీ నా భర్తకీ కలిపి ఒక చిన్న తెప్ప ఉండేది. ఒక్కడే వేసుకెళ్లే తెప్ప. ఒక రోజు బావది, ఒక రోజు బావమరిదిది. ఆ ఆదివారం వంతు నా భర్తది. కాని ఆ సాయంత్రమే ఓడ వెళ్లిపోతోంది, ఆఖరి ఆట. తాతబాబు తెల్లారకముందే లేచి, గుమ్మంలో కూర్చుని, తెప్ప వైపు చూడకుండా చేతొడుగుకి నూనె రాస్తున్నాడు. వీరన్న వచ్చి చూసి నవ్వాడు. "నువ్వాడుకో బావా, నీ వొంతు నానెల్తాను," అన్నాడు. నేను పొయ్యి దగ్గర ఉన్నాను, నా చెవులతో విన్నాను. నా భర్త వద్దనలేదు. నేనూ వద్దనలేదు. ఆ రోజు ఆటలో తాతబాబు రెండుసార్లు గట్టుకి వచ్చాడు. అరిచి అరిచి నా గొంతు పోయింది. మేం అరుస్తున్నప్పుడే అలల దగ్గర తెప్ప తిరగబడింది.

మూడో రోజు వీరన్న శవం దొరికింది. ఆడవాళ్లు చుట్టూ చేరి, ఆ ఆదివారం తెప్ప ఎవరిదని లెక్కలు వేసుకోవడం మొదలుపెట్టారు. నా భర్త గోడకి ఆనుకుని చచ్చినవాడిలా కూర్చున్నాడు. నాకు ఇరవై రెండేళ్లు. నా నోట్లోంచి ఆ మాట వచ్చేసింది. శవం చుట్టూ తిరిగినట్టు తిరిగారు, సముద్రం ఊరుకుంటుందా అన్నాను. అందరూ అటు తిరిగారు. వంతుల సంగతి ఇంకెవరూ అడగలేదు.

తర్వాత ఆటని మాన్పించబోయారు. తాతబాబు వినలేదు. అయితే కుడిచేతికి తిరగండి అన్నారు ఆడవాళ్లు. అలా మొదలైంది. మా పేట పిల్లలు మూడు తరాలు, నా ఒక్క అబద్ధం చుట్టూ తిరిగారు.

మిట్ట మీద పోతమ్మ, ఎదురుగా తల పట్టుకున్న అనిరుధ్, బ్యాటు పట్టుకుని ధనశ్రీ. ఇప్పుడు కాకపోతే నేను ఇంకెప్పుడూ చెప్పలేనని అర్థమైంది.

"వదినా," అన్నాను. "ఆ మాట పేట అన్నేదు. నాను అన్నాను."

"ఏ మాట?"

"శవం సుట్టూ తిరిగినట్టన్న మాట. ఏ పెద్దలూ సెప్పినది కాదు. ఆ రోజు నా నోటికొచ్చింది, అనీసినాను. పిల్ల ఎటు తిరిగినా దానికేటీ అవ్వదు. తిరగనీ వదినా."

పోతమ్మ తిడుతుందనుకున్నాను. తిట్టి ఉంటే బాగుండేది.

"పెతి ఆదివారం ఇక్కడ కూకున్నాను," అంది. "ఒక్కో పిల్ల కుడిసేతికి తిరిగి గట్టుకొత్తంటే, ఒక పేణం మిగిలిందనుకున్నాను. గొంతు సించుకున్నాను. నలబై ఎనిమిదేళ్లు. ఊరికే అన్నావా?"

"బాదలో అన్నాను వదినా."

"బాద నాది. మొగుడు పోయింది నాకు. నీకెందుకొచ్చింది అంత తొందర?" మోకాలి మీద చెయ్యి వేసి లేచింది. చీరకి అంటిన పసుపు దులుపుకోలేదు. నా దగ్గరికి వచ్చి, మిగతావాళ్లకి వినపడనంత మెల్లగా అడిగింది. "నాను పిల్లణ్ణెత్తుకుని ఆసుపత్రి నుంచి వొచ్చీసరికే నీ మాట పేటంతా తిరుగుతంది. ఆ ఆదివారం తెప్ప వొంతు ఎవుడిది గంగాలూ?"

తాతబాబు పోయి పదకొండేళ్లు. పేట పిల్లలు బ్యాటు పట్టేముందు ఆయన ఫొటోకి దండం పెడతారు. చెబితే ఆ ఫొటో గోడ మీద ఉండదు. చెప్పకపోతే, ఆమె కళ్లలోకి చూసి ఇంకో అబద్ధం ఆడాలి.

"సరే," అంది పోతమ్మ. ఈసారి అందరికీ వినపడేలా చెప్పింది. "ఆదివారం బస్సు ఆరింటికి కదుల్తాది. నా పక్క సీటు నీది. ఉక్కునగరం గేటు రాకముందే నాకు జవాబు సెప్పాల. సెప్పినావా, ఈ పిల్ల ఎటు తిరగమంటే అటే అరుత్తాం, నలబైమందిమీ. సెప్పనేదా, డ్రైవరితో బండి ఎనక్కి తిప్పించీస్తాను."

ఆమె వెళ్లిపోయింది. ఆడవాళ్లు ఒక్కొక్కరే వెనకాల నడిచారు. అనిరుధ్ ఖాళీ అయిన మిట్ట వైపు చూసి, నా వైపు చూసి, గీతలు గీయడం మొదలుపెట్టాడు.

ధనశ్రీ నా దగ్గరికొచ్చింది. "అమ్మమ్మా, ఏటడిగింది మామ్మ?"

"ఏటీ లేదే."

"ఏటో ఉంది. ఏదైనా సెప్పీ. ఎంత సెడ్డదైనా సెప్పీ. నాకు ఇంకో యేడాది లేదు." నా భుజం పట్టుకుని ఊపింది. ఆ పిల్ల మీద కోపం వచ్చింది, పోతమ్మ మీద వచ్చింది, గోడ మీద నవ్వుతున్న నా భర్త మీద అందరికన్నా ఎక్కువ వచ్చింది. పోయినవాడు హాయిగా పోయాడు. చెప్పాల్సింది నేను.

ఆదివారం ఆరు కాకముందే బస్సు పేట మొదట్లో ఆగి ఉంది. జట్టు పిల్లలు ముందే ఉక్కునగరం వెళ్లిపోయారు. పోతమ్మ రెండో వరసలో కిటికీ పక్కన కూర్చుంది. నన్ను చూసి పక్క సీట్లో పెట్టుకున్న సంచి తీసి ఒళ్లో పెట్టుకుంది. కూర్చున్నాను. బస్సు కదిలింది. బీచ్ రోడ్డు దాటింది. మద్దిలపాలెం డిపో వచ్చింది, దాటిపోయింది. ఉక్కునగరం గేటుకి ఇంకా ఎన్ని స్టాపులున్నాయో నేను వేళ్ల మీద లెక్కపెట్టుకున్నాను.

గాజువాక దగ్గర సిగ్నల్ పడింది. పోతమ్మ కిటికీలోంచి చూపు తిప్పకుండా అంది:

"నాగబాబు కూడా ఎక్కినాడు. మన ఎనక సీట్లోనే ఉన్నాడు. కాస్త గట్టిగా సెప్పు గంగాలూ, ఆడికీ ఇనపడాల."

సూరాడ గంగాలమ్మ
వయసు డెబ్బయ్యొకటి
ప్రస్తుతం పేటలో లేను, గాజువాకలో అద్దెకుంటున్నాను